చంద్రగిరి కోటను లినోకట్‌గా చెక్కడం ఎలా: పడిపోయిన గోడ ఏదైనా చెప్పాలంటే

లినోకట్ అంటే లినోలియం షీటు మీద ఉలితో చెక్కి, చెక్కకుండా మిగిలిన చోట సిరా పూసి కాగితం మీద ముద్ర తీయడం. అది నేర్చుకుంటున్నవాళ్లు నన్ను అడిగే ప్రశ్న దాదాపు ఒకటే. "చంద్రగిరి పోయొచ్చాను, ఫోటోలు తీసుకున్నాను, రాయి రాయీ చెక్కాను. ముద్ర శుభ్రంగానే వచ్చింది. కానీ చూస్తే ఏమీ అనిపించట్లేదు. ఏం తక్కువైంది?"

చేతిపనిలో తక్కువేమీ ఉండదు, చాలాసార్లు బాగానే ఉంటుంది కూడా. ఉలి పట్టుకోకముందే తేల్చుకోవాల్సినదాన్ని తేల్చుకోకపోవడమే లోపం. శిథిలం ఒక్కటే ఏ అర్థమూ ఇవ్వదు. దాని పక్కన చెక్కుచెదరకుండా ఏముందో, అదే దానికి అర్థం ఇస్తుంది. పడిపోయిన గోడ ఒక్కటే చెక్కితే అది రాళ్ల బొమ్మ. ఆ గోడ పక్కన ఒక మేక, ఒక రావి మొక్క, ఒక నిలిచిన మహలు, ఒక కరెంటు స్తంభం, వీటిలో ఏది పెడతారన్నదాన్ని బట్టి అదే గోడ వేర్వేరు మాటలు చెబుతుంది.

పాత ముద్రల్లో ఇది స్పష్టంగా కనబడుతుంది. జర్మనీ చిత్రకారుడు డ్యూరర్ 1504లో రాగిరేకు మీద చెక్కిన క్రీస్తు జననం చూడండి. ఇల్లు కూలిపోతూ ఉంది, గోడల మీద మొక్కలు మొలిచాయి, ఆ కింద అప్పుడే పుట్టిన బిడ్డ. బిడ్డ ఉన్నాడు కాబట్టే ఆ శిథిలం క్రీస్తుకు ముందటి పాత ధర్మం ముగిసిందనే అర్థం తెచ్చుకుంది. 1551లో ఆంట్‌వెర్ప్‌లో హైరోనిమస్ కాక్ రోము శిథిలాలను, ఆమ్లంతో రేకు మీద గీతలు తినిపించి తీసే ఎచింగ్‌లుగా అచ్చువేశాడు. అంత రోమే ఇలా అయిందంటే మిగతావాటి మాటేమిటి అన్న ఆలోచన చూసేవాడికి దానంతట అదే వస్తుంది. ఇటలీ చిత్రకారుడు పిరనేసి (1720-1778) రోము నగర దృశ్యాలను 135 రేకుల మీద చెక్కాడు. వాటిలో మహాకట్టడాల కింద మనుషులు చీమలంత ఉంటారు, గోడల నెత్తిన పొదలు ఊగుతుంటాయి.

మన దేశానికి వచ్చిన ఇంగ్లీషు చిత్రకారుల్లో విలియం హాడ్జెస్ 1785-88 మధ్య 48 అక్వాటింట్లు (ఆమ్లంతోనే రేకు మీద నీటిరంగు బొమ్మలాంటి ఛాయలు తెచ్చే ముద్రలు), థామస్, విలియం డేనియెల్ 1795-1808 మధ్య 144 అక్వాటింట్లు ప్రచురించారు. డేనియెల్‌లు 1792-93లో దక్షిణాదంతా తిరిగారు. వాళ్ల ముద్రలంటే నాకు చాలా ఇష్టం, వాటిలోని వెలుతురు చూసి ఎంతో నేర్చుకున్నాను. అయినా ఒక విషయం గమనించాలి. అలాంటి చాలా ముద్రల్లో గుడి శిథిలం ముందు మనవాళ్లు ఊరికే కూర్చుని ఉంటారు, ఏ పనీ చేయరు. లండన్‌లో కొనుక్కున్న మనిషికి అది "ఒకప్పుడు గొప్ప దేశం, ఇప్పుడు నిద్రపోతోంది" అన్నట్టు కనిపించేది. మనం మన ఊరి కోట చెక్కేటప్పుడు ఆ చూపును తెలియకుండానే అరువు తెచ్చుకుంటాం. దాన్ని ఎలా వదిలించుకోవాలో మూడో మెట్టులో చెబుతాను.

కావలసినవి

- లినో షీటు, 15 × 20 సెం.మీ. మొదటి పనికి ఇంతకన్నా పెద్దది వద్దు. దొరక్కపోతే ఎండీఎఫ్ బోర్డు, లేదా పని నేర్చుకోవడానికి స్టాంపులు చేసే మెత్తటి రబ్బరు షీటు. రబ్బరు మీద సన్నగీత నిలవదు, శిథిలాల బొమ్మకు అది రెండో ఎంపికే.
- ఉలులు: సన్న 'వి' ఉలి ఒకటి, చిన్న 'యు' ఉలి ఒకటి, వెడల్పు 'యు' ఉలి ఒకటి. డజను ఉలుల సెట్టు కొనడంకన్నా ఈ మూడూ మంచివి కొనండి. పదును పోతే ఏర్పేడు దగ్గర మాధవమాలలో కొయ్యబొమ్మలు చెక్కేవాళ్లు పదును పెట్టే తీరు ఒకసారి చూసి రండి. పుస్తకంలో చదివినదానికన్నా ఎక్కువ తెలుస్తుంది.
- రోలరు, సిరా పరచడానికి గాజు పలక. పాత కిటికీ అద్దం సరిపోతుంది, అంచులకు టేపు చుట్టండి.
- నూనె సిరా. ప్రత్యేకంగా దొరక్కపోతే ఊళ్లో ఆఫ్‌సెట్ ప్రెస్సులో నల్ల ఇంకు కొంచెం అడిగి తెచ్చుకోండి, పని జరుగుతుంది. మన ఎండకు నీటి సిరా గాజు మీదే ఆరిపోతుంది, అందుకే నేను చెప్పను.
- కాగితం: పలుచటి హ్యాండ్‌మేడ్ కాగితం. చార్టు పేపరు గట్టిగా ఉండి సిరా సరిగ్గా పట్టదు.
- రుద్దడానికి స్టీలు గరిటె. ప్రెస్సు అక్కర్లేదు.
- ట్రేసింగ్ పేపరు, కార్బన్ పేపరు, మెత్తటి పెన్సిలు, చిన్న అద్దం.
- శుభ్రం చేయడానికి పాత గుడ్డలు, వంటనూనె, సబ్బు. కిరోసిన్ వాడేవాళ్లు కిటికీలు తెరిచిపెట్టండి, పొయ్యి దగ్గర అసలు వద్దు.

1. కోటకు వెళ్లండి, మొదట విరగనిదాన్ని వెతకండి

తిరుపతి నుంచి చంద్రగిరి పదిహేను కిలోమీటర్ల లోపే. పొద్దున్నే వెళ్లండి. నీడలు పొడుగ్గా ఉన్నప్పుడే గోడలోని ఎత్తుపల్లాలు కనిపిస్తాయి. మధ్యాహ్నం ఎండలో అన్నీ చదునుగా తెల్లబోతాయి.

ఇక్కడ చాలామంది చేసే మొదటి పొరపాటు రాజమహల్‌ను శిథిలంగా గీయడం. మూడంతస్తుల రాజమహల్ శిథిలం కాదు. రాయి, ఇటుక, సున్నంతో కట్టారు, కొయ్య వాడలేదు. ఇప్పుడు లోపల పురావస్తు శాఖ మ్యూజియం నడుస్తోంది, ముందు పచ్చిక పెంచుతున్నారు. దాని మీద పగుళ్లు, పొదలు కల్పించి పెడితే అబద్ధం చెప్పినట్టవుతుంది, ఈ ప్రాంతం మనిషి ఎవరైనా పట్టేస్తాడు. అసలు శిథిలాలు ప్రాకారం పొడుగునా, దేవుడు లేని చిన్న గుళ్లలో, కొండ మీది పై కోటలో ఉన్నాయి. రాజమహల్ విలువ వేరే రకంగా ఉంది. అది మీకు దొరికిన విరగని వస్తువు. ముందు పడిన గోడ, వెనక నిలిచిన మహలు, ఈ రెంటి మధ్యే ఒక బొమ్మ ఉంది.

నోటుపుస్తకంలో రెండు వరుసలు గీసుకోండి. ఒకవైపు పడినవి, ఒకవైపు నిలిచినవి. నిలిచినవాటిలో కట్టడాలే కాదు, కొండగుండ్లు, చింతచెట్టు, మేకలు, గోడ నీడలో సైకిలు ఆపుకున్న మనిషి, దూరంగా తిరుమల కొండ, అన్నీ రాయండి. ఒక్కో శిథిలానికి ఒక్కో జతను గీతతో కలపండి. రెండు మూడు జతలు మిమ్మల్ని ఆపేస్తాయి, వాటినే గీయండి.

జాగ్రత్తలు: పై కోటకు ఎక్కనిస్తారో లేదో అక్కడి సిబ్బందిని అడగండి. ఒంటరిగా ఎక్కవద్దు, పొదల్లో చెయ్యి పెట్టవద్దు, పాములుంటాయి. పురాతన కట్టడాల రక్షణకు చేసిన 1958 చట్టం కింద రక్షిత కట్టడం అది. శాసనాల మీద కాగితం పెట్టి పెన్సిలుతో రుద్దడం, రాయి ముక్క జ్ఞాపకంగా తెచ్చుకోవడం, గోడ మీద పేరు గీకడం, ఏవీ చేయకూడదు. మ్యూజియం వేళలు బయల్దేరేముందే కనుక్కోండి.

2. ఏం పడగొట్టిందో తేల్చుకోండి

ఈ మెట్టు మీద ఎక్కువ సమయం పెట్టండి. గోడ ఎందుకు పడిందో తెలియకుండా చెక్కితే విరిగిన అంచు ఎక్కడచూసినా ఒకేలా, చిందరవందరగా వస్తుంది. నిజానికి ప్రతి కారణానికీ ఒక ఆకారం ఉంటుంది.

*వాన, వేళ్లు.* పిట్టలు వేసిన విత్తనాల వల్ల రావి, మర్రి, జువ్వి పగుళ్లలో మొలుస్తాయి. వేరు రాయిని చీల్చుకుని పోదు, రాళ్ల మధ్య సందు పట్టుకుని పోతుంది. కాబట్టి పగులు మెట్లు మెట్లుగా, అతుకుల వెంట దిగుతుంది. రాయి నడిమధ్యలో మెరుపులాగా వంకర గీత గీస్తే కంటికి అతకదు. సున్నపు పూత ఊడిన చోట లోపలి ఇటుక బయటపడుతుంది, వానకు ఇటుక మూలలు గుండ్రపడతాయి.

*మనుషులు.* పడిన గోడ కింద రాళ్ల కుప్ప ఉండాలి. లేకపోతే వాటిని ఎవరో మోసుకుపోయారన్నమాట. కోటలున్న ఊళ్లలో పాత రాళ్లు ఇళ్ల పునాదుల్లోకి, చేల గట్లలోకి చేరడం మామూలే. నున్నగా చెక్కిన పై రాళ్లు పోయి లోపలి గులకరాళ్లు, మట్టి బయటపడితే అది పీకిన గోడ. మీ బొమ్మలో కుప్ప పెట్టడమా మానడమా అన్నది చాలా పెద్ద నిర్ణయం. కుప్ప ఉంటే కాలం పడగొట్టింది. కుప్ప లేకపోతే ఊరు దాన్ని వాడుకుంది, ఆ రాళ్లు ఇంకెక్కడో నిలబడి ఉన్నాయి.

*యుద్ధం.* 1565లో తళ్లికోట ఓటమి తర్వాత విజయనగర రాజులు పెనుకొండకు, అక్కడి నుంచి చంద్రగిరికి రాజధాని మార్చారు. 1782లో కోట హైదరాలీ చేతికి పోయింది. ఈ చరిత్ర చదివి గోడలోని ప్రతి కన్నమూ ఫిరంగి దెబ్బే అనుకునేవాళ్లున్నారు. ఆధారం లేకుండా అలా చెక్కకండి. నాలుగు వందల ఏళ్ల వానలు, వేళ్లు ఫిరంగికన్నా ఎక్కువ పని చేయగలవు.

*వదిలేయడం.* ఇది గుళ్లలో కనిపిస్తుంది. కట్టడం చాలావరకు నిలిచే ఉంటుంది, గర్భగుడి ఖాళీ. మన సంప్రదాయంలో భిన్నమైన (విరిగిన) విగ్రహానికి పూజ చేయరు, జీర్ణోద్ధారణ చేసి మళ్లీ ప్రతిష్ఠించాలంటారు. అందుకే మన కంటికి ఖాళీ గర్భగుడి ముగిసిపోయిన కథ కాదు, ఎవరో వస్తారని ఎదురుచూస్తున్న చోటు. యూరపు ముద్రల్లోని శిథిలానికీ మన శిథిలానికీ నాకు కనిపించే పెద్ద తేడా ఇదే. ఆ వాకిలిని పూర్తి నలుపుగా వదలండి, ఒక్క గీత కూడా చెక్కవద్దు. గడప మాత్రం తెల్లగా చెక్కండి.

శ్రీకాళహస్తి సంగతి ఇక్కడే చెప్పాలి. 1516లో శ్రీకృష్ణదేవరాయలు కట్టించిన రాజగోపురం 2010 మే 26న కూలిపోయింది. దాని స్థానంలో కొత్త గోపురం కట్టి 2017లో కుంభాభిషేకం చేశారు. ఈ జిల్లావాళ్లకు గోపురం మీద పగులు అందమైన పాతదనపు గుర్తు కాదు, గుండె జారిన జ్ఞాపకం. మీ ముద్రలో గోపురానికి పగులు పెట్టేముందు ఇది గుర్తుంచుకోండి. పెట్టకూడదని కాదు. పెడితే దాని బరువు తెలిసి పెట్టాలి.

3. అగ్గిపెట్టెంత బొమ్మలు వేయండి, మనిషి ఎత్తు లెక్క కట్టండి

ఒక పేజీలో ఆరేడు చిన్న గళ్లు గీసి, ప్రతి గడిలో నలుపు తెలుపు మాత్రమే వాడి కూర్పు వేయండి. బూడిద రంగు వద్దు, లినోకు అది తెలియదు. ప్రతి గడిలో విరిగినది ఎంత, విరగనిది ఎంత, రెంటిలో ఏది నలుపు అన్నది మార్చి చూడండి. నల్లటి గోడ ముందు తెల్ల మేకలుంటే చూపు మేకల మీద నిలుస్తుంది, గోడ వాటి వెనక గతమవుతుంది. తెల్లటి గోడ మీద నల్లటి మర్రివేళ్లుంటే చెట్టే యజమాని.

ఆకాశం గురించి కూడా ఇప్పుడే అనుకోండి. నల్ల ఆకాశం భయం పుట్టిస్తుంది, అది సులువైన దారి, అందుకే మొదటి ముద్రల్లో తొంభైపాళ్లు నల్ల ఆకాశాలే. తిరుపతి ఎండాకాలం ఆకాశం తెలుపు. తెల్ల ఆకాశం కింద పడిన గోడ ఇంకా ఒంటరిగా కనిపిస్తుందని నా నమ్మకం. రెండూ వేసి మీరే చూడండి.

మనిషి ఎత్తుతో కట్టడం ఎత్తు మారిపోతుంది. లెక్క ఇలా: అసలు గోడ 6 మీటర్లు, మీ లినో మీద 9 సెం.మీ. అయితే మీటరుకు 1.5 సెం.మీ. ఐదున్నర అడుగుల మనిషి, అంటే దాదాపు 1.68 మీటర్లు, సుమారు 2.5 సెం.మీ. రావాలి. అతన్ని 1.2 సెం.మీ.కి కుదిస్తే అదే గోడ 12 మీటర్లపైన ఉన్నట్టు తోస్తుంది. పిరనేసి చేసింది ఇదే. రోము ఎంత గొప్పదో చాటడానికి మనుషుల్ని తగ్గించాడు. చంద్రగిరికి నేను నిజమైన కొలతే వాడమంటాను. మనిషిని తగ్గిస్తే కోట పెరుగుతుంది, కానీ ఆ మనిషి కోట ముందు ఏమీ కానివాడవుతాడు.

మొదట చెప్పిన అరువు చూపును వదిలించుకునేది ఇక్కడే. బొమ్మలోని మనిషికి పని ఇవ్వండి. పుల్లలు ఏరుకోవడం, మేకలు తోలడం, పచ్చికకు నీళ్లు పెట్టడం, సెల్‌ఫోన్‌లో మాట్లాడటం, ఏదైనా సరే. గోడకు ఆనుకుని దిగులుగా దూరంలోకి చూసే మనిషిని మాత్రం పెట్టవద్దు. ఆ దిగులు చూసేవాడికి రావాలి, బొమ్మలోని మనిషి నటించకూడదు.

4. బొమ్మను తిప్పి లినో మీదికి ఎక్కించండి

ముద్రలో కుడి ఎడమవుతుంది. ట్రేసింగ్ పేపరు మీద గీసి, దాన్ని బోర్లించి, కింద కార్బన్ పేపరు పెట్టి దిద్దండి. లినో పక్కన అద్దం నిలబెట్టి చూడండి. అద్దంలో కొండ సరైన పక్కన కనిపించాలి. ఏ ఊరి కోటైనా ఫరవాలేదనుకుంటే ఈ పని మానేయొచ్చు, కానీ చంద్రగిరి అని పేరు పెట్టాక కొండ తారుమారైతే ఊరివాళ్లు మొదట చూసేది అదే. తెలుగు అక్షరాలు చెక్కేవాళ్లు రెండుసార్లు చూసుకోండి. వంపులు ఎక్కువ కాబట్టి తిరగబడిన అక్షరం కూడా కంటికి సరిగ్గానే ఉన్నట్టు మోసం చేస్తుంది.

చెక్కేముందు లినో అంతటా పలుచగా నీళ్లు కలిపిన రాతసిరా (అచ్చుకు వాడే నూనె సిరా కాదు) పూసి ఆరనివ్వండి. చెక్కిన చోటు లేతగా కనబడుతుంది, ఎంత అయిందో తెలుస్తుంది.

5. చెక్కడం

షీటును పది నిమిషాలు ఎండలో పెట్టండి, మెత్తబడుతుంది. ఎక్కువసేపు వదిలేయకండి. షీటు జారకుండా బల్ల అంచుకు ఒక చెక్కబద్ద బిగించి దానికి ఆనించండి. పట్టుకున్న చెయ్యి ఎప్పుడూ ఉలి వెనకే ఉండాలి, ఉలి వెళ్లే దారిలో ఉండకూడదు. ఒంపు వచ్చినప్పుడు ఉలిని తిప్పకండి, షీటును తిప్పండి. మొద్దుబారిన ఉలే చేతిని ఎక్కువ తెగ్గోస్తుంది, ఎందుకంటే బలం పెట్టాల్సి వస్తుంది, బలం పెడితే జారుతుంది.

వరుస ముఖ్యం: మొదట విరగనిదాన్ని చెక్కండి. మహలో, చెట్టో, మేకలో. అవి కుదిరాక వాటికి ఎదురుగా గోడ ఎంత నల్లగా, ఎంత గరుకుగా ఉండాలో చేతికి తెలుస్తుంది. గోడతో మొదలుపెడితే రాళ్లమీది మోజులో పడి అంతా నింపేస్తారు, చివరికి మేకకు చోటుండదు.

ఒక్కో వస్తువుకు ఒక్కో కోత:

కొండగుండ్లకు చిన్న 'యు' ఉలి. గుండు వంపు వెంట నాలుగైదు కోతలు చాలు, మిగతాది నలుపు. వెనక తిరుమల కొండ రాయి వేరు. అది పొరలు పొరలుగా, గోడ కట్టినట్టు అడ్డంగా నిలిచిన కొండ. దానికి 'వి' ఉలితో పొడుగాటి సన్నని అడ్డగీతలు వేయండి. ఈ రెండు రకాల రాళ్లూ ఒకే కోతతో చేస్తే చంద్రగిరి ఎక్కడిదో తెలియకుండా పోతుంది.

ప్రాకారంలో ప్రతి రాయికీ చుట్టూ గీత గీయకండి. ఇది అందరూ చేసే తప్పు, దీనివల్ల గోడ గళ్లచీరలాగా తయారవుతుంది. వెలుతురు పడిన వైపు మాత్రమే అతుకులు చెక్కండి, నీడ వైపు రాళ్లన్నీ ఒకే నలుపులో కలిసిపోనివ్వండి. చూసేవాడి కన్ను మిగతావి పూరించుకుంటుంది.

విరిగిన అంచు దగ్గర మెల్లగా వెళ్లండి. రెండో మెట్టులో తేల్చుకున్న కారణం ఇక్కడ పనికొస్తుంది. వేరు విడదీసిన అంచు మెట్లుగా, పీకిన అంచు కింది నుంచి లోపలికి తిన్నట్టుగా, వాన తిన్న ఇటుక గుండ్రంగా రావాలి.

మొక్కలకు 'వి' ఉలితో పొట్టి కోతలు, మొదలు నుంచి బయటికి. గోడ నెత్తిన అంతటా పొదలు పెట్టకండి. ఒకే ఒక్క రావి మొక్క, పది పన్నెండు ఆకులు లెక్కపెట్టగలిగేటట్టు ఉంటే పొదల గుంపుకన్నా గట్టిగా చెబుతుంది. పైగా రావి మొక్కంటే మనకు రెండు అర్థాలు. గోడను పగలగొట్టేదీ అదే, మనం చుట్టూ అరుగు కట్టి దణ్ణం పెట్టుకునేదీ అదే. కంపచెట్టు పెడితే ఈ రెండో అర్థం పోయి ఒట్టి నిర్లక్ష్యం మిగులుతుంది. ఏది కావాలో మీరు చూసుకోండి, రెండూ అక్కడున్నాయి.

తెల్ల ఆకాశం చెక్కేటప్పుడు వెడల్పు ఉలి అన్నీ ఒకే దిక్కుగా నడపండి. ఆకాశంలో మిగిలే సన్న నల్ల గీతలు ముద్రలో కనిపిస్తాయి. అవి అడ్డదిడ్డంగా ఉంటే గాలివాన, ఒకే దిక్కుగా ఉంటే నిదానం.

ప్రత్యామ్నాయం: లినో, ఉలులు లేనివాళ్లు దళసరి అట్టతో చేయండి. అట్ట పై పొరను బ్లేడుతో గాటుపెట్టి ఒలిస్తే కింద గరుకు పొర బయటపడుతుంది. పూత రాలిన గోడకు ఇంతకన్నా మంచి సాధనం నాకు కనబడలేదు. ఒలిచాక రెండు పూతలు ఫెవికాల్ నీళ్లతో కలిపి పూసి, పూర్తిగా ఆరాక సిరా వేయండి. పది ముద్రలకు మించి ఆగదు, కానీ ఆ పదీ అద్భుతంగా ఉంటాయి.

6. సిరా, మొదటి ప్రూఫ్ (పరీక్ష ముద్ర)

గాజు మీద కొంచెమే సిరా తీసుకుని రోలరుతో నాలుగు దిక్కులా పరచండి. సరిపడా ఉన్నప్పుడు సన్నగా చిటచిటమంటుంది. తడితడిగా పచక్‌మంటే సిరా ఎక్కువ. ప్రెస్సు ఇంకు మరీ గట్టిగా ఉంటే ఒకటి రెండు చుక్కలు అవిసె నూనె కలపండి, అంతకుమించి వద్దు. సిరాలో నూనె పాలు మారితే ముద్ర ఎంత మారుతుందో చెప్పడానికి మన ఉమ్మడి చిత్తూరు జిల్లా మనిషే సాక్షి. చిత్తూరు దగ్గర నందనూరులో 1925లో పుట్టి, ఋషి వ్యాలీ, శాంతినికేతన్ దాటి పారిస్ చేరిన ముద్రాచిత్రకారుడు కృష్ణారెడ్డి, పలుచటి చిక్కటి సిరాలు ఒకదాన్నొకటి తోసేస్తాయన్న గుణం మీదే ఒకే రేకు నుంచి అనేక రంగులు ఒకేసారి తీసే పద్ధతిని రూపొందించినవాళ్లలో ఒకరు. ముద్రణ మనకు పరాయి విద్య అనుకునేవాళ్లకు ఆయన పేరు చెబుతుంటాను.

కాగితం పరిచి, అరచేత్తో ఒత్తి, గరిటె వెనకవైపుతో చిన్న చిన్న వలయాలుగా రుద్దండి. అంచులు, మూలలు మరిచిపోకండి. ఒక మూల ఎత్తి చూడండి, చాలకపోతే మళ్లీ దించి రుద్దొచ్చు.

- నలుపులో తెల్ల చుక్కలు: సిరా చాలలేదు, లేదా రుద్దడం చాలలేదు. గోడ గరుకుతనానికి ఇవి కొంచెం ఉంటే మంచిదే, ఖాళీ గర్భగుడి నలుపులో మాత్రం ఒక్కటి కూడా ఉండకూడదు.
- సన్నగీతలు పూడిపోవడం: సిరా ఎక్కువైంది. షీటును పాత పేపరు మీద రెండుసార్లు ఒత్తి తీసి, మళ్లీ పలుచగా వేయండి.
- గీతలు రెండుగా కనిపించడం: కాగితం కదిలింది. ఒక అంచు టేపుతో అంటించండి.

7. అర్థం వచ్చిందో లేదో చూసుకునే పరీక్షలు

ప్రూఫును గోడకు అంటించి ఆరడుగులు వెనక్కి వెళ్లండి. విరిగిన భాగాన్ని చేత్తో కప్పండి. మిగిలిన బొమ్మ అదే మాట చెబుతుంటే మీ శిథిలం అలంకారం మాత్రమే. ఇప్పుడు విరగనిదాన్ని కప్పండి. అప్పుడూ ఏమీ మారకపోతే జత కుదరలేదు. ఏది కప్పినా బొమ్మ కుంటుపడితేనే కుదిరినట్టు.

తరువాత ఫోనులో ఫోటో తీసి, కోట తెలిసినవాళ్లకు పంపండి. చంద్రగిరిలో టీకొట్టు ఆయనైనా సరే. "బాగుందా?" అని అడగొద్దు, బాగుందనే అంటారు. "ఇక్కడ ఏం జరిగింది?" అని అడగండి. "వాన్లకు పడిపోయినట్టుంది", "రాళ్లన్నీ ఎత్తకపోయినారు గదా" అని జవాబొస్తే చెక్కింది చేరింది. "కోట బొమ్మ" అని ఆగిపోతే రెండో మెట్టుకు వెళ్లండి. లినోలో తీసేసింది తిరిగి రాదు, కానీ నలుపు మిగిలిన చోట ఇంకా చెక్కొచ్చు. అందుకే మొదటి ప్రూఫు నాటికి అనుకున్నదానిలో ముప్పావు వంతే చెక్కి ఆపండి.

8. ముద్రలు తీయడం, పేరు పెట్టడం

ముద్ర ముద్రకూ సిరా సమంగా ఉండేలా ఒకే పూట తీయండి. దండెం మీద క్లిప్పులతో వేలాడదీయండి. నూనె సిరా ఆరడానికి కొన్ని రోజులు పడుతుంది, వానాకాలం ఇంకా ఎక్కువ. వేలితో మూల తాకి చూసి, అంటకపోతేనే మధ్యలో ట్రేసింగ్ పేపరు పెట్టి పేర్చండి. షీటును వంటనూనెతో తుడిచి, సబ్బునీళ్ల గుడ్డతో అద్ది, నీడలో పడుకోబెట్టి దాచండి, చుట్టకండి.

కింద పెన్సిలుతో ఎడమ పక్క సంఖ్య (20లో మూడోదైతే 3/20), మధ్యలో పేరు, కుడి పక్క సంతకం, సంవత్సరం. పేరు దగ్గర "గతవైభవం", "కాలగర్భంలో", "మౌనసాక్షి" లాంటివి రాయకండి. బొమ్మ చెప్పాల్సింది పేరే చెప్పేస్తే చూసేవాడు చూడటం మానేస్తాడు. "చంద్రగిరి ప్రాకారం, పొద్దున, మేకలు" అని రాయండి.